క్రొత్త ఇంజనుకు మొదటి వేయి కిలోమీటర్లు

క్రొత్త మోటారు సైకిలు ఇంటికి వచ్చిన దినమున జరుగు తంతు అందరికిని తెలిసినదే. పసుపు కుంకుమలు పెట్టి, హారతి ఇచ్చి, చక్రముల క్రింద నిమ్మకాయలు నలిపి, గుడి చుట్టు ఒకమారు త్రిప్పి తెత్తురు. ఆ తరువాత ఇంటి కుఱ్ఱవాడైనచో బండి వేగమెంతయో చూడవలెనని ఊరి బయటి రోడ్డు పట్టును. ఇంటి పెద్దయైనచో, అప్పు చేసి కొన్న వస్తువు గదా అని, నడచిపోవువారితో సమానముగా నడుపును. ఈ ఇరువురిలో ఇంజనును పాడుచేయువాడెవడని అడిగినచో ఇరువురును అనియే మా సమాధానము. మొదటివాని తప్పు ఆ వారములోనే బయటపడవచ్చును. రెండవవానిది బయటపడుటకు రెండేండ్లు పట్టును.

ఇంజను కర్మాగారములో పూర్తియై వచ్చునని మన నమ్మకము. నిజమునకు అందులో చివరి పని కొంత మిగిలియే యుండును. ఆ పనిని రోడ్డుమీద చేయవలసినవాడు కొన్నవాడే. మెకానిక్కులు దీనినే రన్నింగ్ ఇన్ అందురు.

మన రోడ్లపై చిరకాలముగా వినబడుచున్న బుల్లెటును ఉదాహరణగా తీసికొందము. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది. అచ్చట దశాబ్దముల పాటు తయారైన 350 నమూనాలో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను ఎక్కి దిగు దూరము 90 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు పిస్టను సెకనుకు 100 మారులు సిలిండరు గోడ పొడవునా పోవును. నిమిషములో అది నడచు దూరము 540 మీటర్లు. ఇంత రాపిడిలో పిస్టను రింగులకును గోడకును నడుమ నున్నది పలుచని నూనెపొర మాత్రమే.

ఆ గోడ అద్దమువలె నున్నగా నుండుననుకొనుట పొరపాటు. సానరాళ్లతో దానిపై ఒకదానినొకటి ఖండించు సన్నని గీతలు కావలెననియే పెట్టుదురు. నూనె నిలుచుటకు ఆ గీతలే ఆధారము. రోటికి కక్కు కొట్టించిన ఇల్లాలికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కక్కు లేనిదే రోట పిండి నలగదు; కాని కొట్టించిన నాడే పప్పు రుబ్బినచో పంటి క్రింద రాయి తగులును. అందుకే మొదట ఇన్ని నూకలో తవుడో వేసి రుబ్బి పారవేయుదురు. ఇంజనులోను గీతల అంచులలో పైకి లేచిన మొనలుండును. రింగులు రాచుకొనగా ఆ మొనలు అరిగి, గీతల అడుగులు మాత్రము నూనె పట్టుకొనుటకు నిలిచి, రింగు గోడకు చక్కగా అమరవలెను.

ఈ అమరిక మెత్తగా నడుపుటవలన కలుగదు. రింగునకు స్వతహాగా గల బిగువు కొద్దిది. పెట్రోలు మండినపుడు పుట్టు వాయువు పిస్టను గాడిలో రింగు వెనుకకు చొచ్చి దానిని గోడకు అదుమును. ఇంజనుకు బరువు పడినకొలది ఆ అదుము హెచ్చును. ఎప్పుడును థ్రాటిలు తెరువక నడిపినచో రింగు గోడపై తేలికగా జారుచుండును. మొనలు అరుగవు. గీతలలోని నూనె కాలి గట్టిపడి, గోడపై నునుపైన గాజుపూత వంటిది ఏర్పడును. అటుపిమ్మట ఎంత నడిపినను రింగు అమరదు. మా వీధిలో ఒక ఉపాధ్యాయుడు తన క్రొత్త బండిని ఏడాదిపాటు బడికిని ఇంటికిని ముప్పది మైళ్ల వేగము దాటకుండ నడిపి, దానికి ఒక్క గీటైన పడనీయలేదు. రెండవ ఏటి చివర వెనుక గొట్టమునుండి నీలి పొగ మొదలయ్యెను. పెట్రోలుతో సమానముగా ఇంజను నూనె కొనవలసి వచ్చుచున్నదని ఆయన వాపోయెడివాడు. పాపము, ఆయన శ్రద్ధయే ఆయన కొంప ముంచినది.

ఇక రెండవ ప్రమాదము వేడిమి. అల్యూమినియము పోతయినుముకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. పిస్టను అల్యూమినియముది, పాత ఇంజనులలో సిలిండరు పోతయినుముది. వాని నడుమ ఖాళీ మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతులు మాత్రమే. క్రొత్త ఇంజనులో రాపిడి అధికము, అందుచేత వేడిమియు అధికము. పిస్టను ఉబ్బి, నూనెపొర తెగి, లోహము లోహమునకు అంటుకొనినచో ఇంజను పట్టివేయును.

ఇది మా ఇంటనే జరిగినది. 1986లో మా అన్నగారు భవిష్యనిధి అప్పుతో రెండు స్ట్రోకుల బండి నొకదానిని కొని, పదియవ దినముననే అమ్మను వెనుక కూర్చుండబెట్టుకొని తిరుమలకు బయలుదేరిరి. ఎక్కుట సుఖముగానే జరిగెను. దిగునపుడు, బ్రేకులకు శ్రమ తగ్గునను ఉద్దేశముతో, థ్రాటిలు పూర్తిగా మూసి, చిన్న గేరులో ఇంజను పట్టుమీదనే దిగుచుండిరి. ఒక మలుపులో కీచుమని శబ్దమై వెనుక చక్రము బిగిసిపోయెను. బండి అడ్డముగా జారి పిట్టగోడను తాకెను. అమ్మ మోచేయి గీరుకొనుటతో పోయినది. గోడ లేనిచో ఏమయ్యెడిదో తలచుకొనుటకు మాకు ఇప్పటికిని మనసొప్పదు. పదునైదు దినములు తిరుగకుండ బండి బోరుకు వచ్చెను.

అన్నగారు వేగముగా పోలేదు. తప్పు వేరొకచోట నున్నది. నూనెను పెట్రోలులో కలిపి పోయు అట్టి ఇంజనులలో థ్రాటిలు మూసినచో పెట్రోలుతో పాటు నూనెయు ఆగిపోవును. ఇంజను మాత్రము చక్రముల బలముతో జోరుగా తిరుగుచునే యుండును. దిగుడులో అప్పుడప్పుడు థ్రాటిలు కొద్దిగా తెరచి మూసినచో ఇది తప్పెడిది. చక్రము బిగియుచున్నట్లు తోచిన క్షణముననే క్లచ్చి పట్టినను తప్పెడిది. అట్టి బండ్లు ఇప్పుడు అంగళ్లలో క్రొత్తవి లేవు. కాని పాతదానిని ముచ్చటపడి బాగుచేయించుకొను యువకులు కలరు. క్రొత్త బోరు, క్రొత్త పిస్టను వేసిన ఇంజను క్రొత్త ఇంజనే యని వారు గుర్తుంచుకొనవలెను.

అయినచో ఎట్లు నడపవలెను? ఒకే వేగమున గంటల తరబడి పోరాదు. కొంత దూరము లాగించి, వేగము తగ్గించి, మరల లాగించుచుండవలెను. లాగించినపుడు రింగు అదుమబడును. తగ్గించినపుడు వేడిమి చల్లారును. థ్రాటిలును చివరివరకు త్రిప్పరాదు. పెద్ద గేరులో ఇంజను డుగడుగమని ఈడ్చునట్లు నడుపుట మెల్లగా పోవుట కాదు; అది బేరింగులను సుత్తితో కొట్టుట వంటిది. అట్టిచోట గేరు తగ్గించవలెను. బయలుదేరుటకు ముందు ఒక నిమిషము చాలును. ఇంటిముందు నిలిపి అరగంట తిరుగనిచ్చుట వలన పొరుగువారి నిద్ర చెడుటయే ఫలితము. క్రొత్త టైర్లును బ్రేకులును మొదటి దినములలో పూర్తిగా పట్టవు గనుక మలుపులలో జాగ్రత్త అవసరము.

చిన్న విమానముల పిస్టను ఇంజనులను మొదటి గంటలలో మెల్లగా గాక, మూడింట రెండు వంతులకు పైబడిన శక్తితో నడిపి అమర్చుదురు. దానిని చూచి మోటారు సైకిలును మొదటి దినముననే పూర్తి జోరుతో తోలవలెననువారు కొందరు కలరు. బరువు కావలెనను మాట నిజమే. కాని పిస్టను కొలత, గాలితో చల్లారు తీరు, నూనె రకము చూచి తయారుచేసినవారు పుస్తకములో వ్రాసిన పరిమితిని దాటుట తెలివి కాదు. నేటి యంత్రములు గోడ మొనలను ముందే చాలవరకు తీసివేయుచున్నవి గనుక ఆ పరిమితులు తాతలనాటి కాలమునకంటె తేలికైనవి.

మొదటి సర్వీసు తరచుగా 500 కిలోమీటర్ల ప్రాంతమున వచ్చును. నూనె ఇంకను తేటగానే యున్నదని దానిని వాయిదా వేయువారు పెక్కుమంది. మెకానిక్కు నూనె దింపునపుడు ప్రక్కన నిలిచి, ఇంత గిన్నెలోనికి తీసి ఎండకు పట్టి చూడుడు. వెండి పొడివలె తళుకుమనునది రింగులును పళ్లచక్రములును అరుగగా రాలిన లోహము. రోట మొదట రుబ్బి పారవేసిన నూకలు ఇవియే. రెండవమారు దింపునపుడు మరల చూడుడు. ఆ తళుకు చాల తగ్గియుండును.