డిష్ యాంటెనాకు అర సెకను దూరం

అబూదాబీ నగరానికి వెలుపల, ముసఫ్ఫాను ఆనుకొని ఉన్న పారిశ్రామిక వాడను అక్కడి తెలుగువారు 'ఐకాడ్' అనే పిలుస్తారు. ఉక్కు కోత, వెల్డింగు, పైపుల తయారీ వంటి పనులు చేసే చిన్న సంస్థలకు అది నిలయం. వాటికి పని దొరికేది మాత్రం తరచు పశ్చిమాన, అల్ ధఫ్రా ఎడారిలోని చమురు క్షేత్రాల చెంత. అటువంటి సంస్థ ఒకదానిని పాఠకులు ఊహించుకోవచ్చును. ఐకాడ్ షెడ్డుకు ఫైబర్ తీగ ఉంది; ఎడారి సైటులోని పోర్టా క్యాబిన్‌కు ఏ తీగా లేదు, పైన డిష్ ఉంది. నెలసరి అద్దె పెంచి, 2 మెగాబిట్ల ప్లానును 10 మెగాబిట్లకు మార్చారు. అయినా షెడ్డులోని లెక్కల ప్రోగ్రామును సైటు నుంచి తెరిస్తే తెర మునుపటి వలెనే నిదానంగా వస్తున్నది. సాయంకాలం నిజామాబాదుకు ఫోను చేసే కార్మికుని మాట, ఇంటివారి మాట ఇంకా ఒకదానిపై ఒకటి పడుతూనే ఉన్నాయి. డబ్బు ఎటు పోయినట్లు?

జవాబు ఆకాశంలో ఉన్నది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమంగా తిరుగుతూ, చూసేవారికి కదలనట్లే ఉంటుంది. ఇటువంటి మూడు ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ వార్తలు పంపవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే వ్రాశాడు. అబూదాబీకి చెందిన యాసాట్ సంస్థ 2012లో ప్రయోగించిన 'వై1బి' ఉపగ్రహం ఆ కోవలోనిదే. దాని స్థానం 47.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. కనుక అబూదాబీలో దానికోసం అమర్చే డిష్ దక్షిణానికి కాస్త పడమరగా, సుమారు 60 డిగ్రీల ఎత్తుకు చూస్తుంది.

అక్కడినుండి ఉపగ్రహానికి దాదాపు 36,500 కిలోమీటర్లు. ప్రశ్న పైకి పోయి కిందికి రావాలి, జవాబూ అలాగే పైకి పోయి కిందికి రావాలి. మొత్తం 1,46,000 కిలోమీటర్లు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోయినా సుమారు అర సెకను పడుతుంది. మోడెమ్ తన వంతు కోసం వేచి ఉండే కాలాన్ని కలుపుకుంటే 0.6 సెకన్లు దాటవచ్చు. 1975-76లో అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ పల్లెలకు టెలివిజన్ పాఠాలు వచ్చినప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ తెలియలేదు. తిరిగి మాట్లాడే పని లేదు కదా!

ధవళేశ్వరం నుంచి బయలుదేరే కాలువను వెడల్పు చేస్తే శివారు పొలానికి ఎక్కువ నీరు చేరుతుంది. దారి మాత్రం తగ్గదు. మెగాబిట్లు కాలువ వెడల్పు వంటివి. ప్లాను మార్చి కొనగలిగేది ఆ వెడల్పునే.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. కంప్యూటర్లు సమాచారాన్ని విడతలుగా పంపి, అందినట్లు రసీదు వచ్చాకనే ముందుకు సాగుతాయి. పాత పద్ధతిలో రసీదు రాకుండా పంపగలిగేది 65,535 బైట్లు, అనగా సుమారు 5,24,000 బిట్లు. రసీదుకు 0.6 సెకన్లు పడితే సెకనుకు పోయేది 8,74,000 బిట్లే. ఒక్క మెగాబిట్ కూడా కాదు! కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా ఒక్కొక్క సంభాషణకు ఇదే హద్దు. నేటి కంప్యూటర్లు ఈ విడతను పెంచుకోగలవు. ఉపగ్రహ మోడెములు కూడా అవతలివారి తరఫున తామే ముందుగా రసీదులిచ్చి పనిని తొందరచేస్తాయి. కానీ గోప్యత కోసం సమాచారమంతా వీపీఎన్‌లో చుట్టి పంపితే, మూటకు సీలు వేసినట్లే. లోపలి చీటీలు మోడెమ్‌కు కనబడవు, రసీదు ఇవ్వలేదు. పైన చెప్పిన లెక్కల ప్రోగ్రాము చాలా సందర్భాలలో నడిచేది వీపీఎన్ మీదనే. అద్దె పెంచే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే, అమ్మేవారు తమంతట తాము ఎప్పుడూ చెప్పకపోవచ్చు.

ప్లాను మార్పు వల్ల లాభం లేదని కాదు. డ్రాయింగుల ఫైళ్ళు, ఫోటోలు పంపుటకు వెడల్పు నిశ్చయంగా ఉపకరిస్తుంది. అయితే ఒక కిరణం కింద ఉన్న వినియోగదారులందరూ దానిని పంచుకుంటారు గనుక, సాయంత్రం రద్దీలో ఎంత వస్తుందో కొలిచి చూడాలి. డిష్ గురి కూడా ముఖ్యం. ఉపగ్రహం నుంచి 20 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో వచ్చే కేఏ బ్యాండ్ తరంగాలకు 75 సెంటీమీటర్ల డిష్ చూపు ఒకటిన్నర డిగ్రీకి లోపే. ఎడారి గాలికి బోల్టు కొద్దిగా సడలినా చాలు. గట్టి వాన ఈ తరంగాలను పీల్చివేస్తుంది. 2024 ఏప్రిల్ 16 నాటి కుంభవృష్టి వంటివి అరుదే అయినా అసాధ్యం కావు.

2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రపు కేబుళ్ళు తెగినప్పుడు ఎమిరేట్లలో ఇంటర్నెట్ మందగించింది. ఉపగ్రహముంటే ఆ బెడద లేదనుకోవడం పొరపాటు. ఉపగ్రహం నుంచి దిగిన సమాచారం నేలమీది కేంద్రం ద్వారా మళ్ళీ సముద్రపు కేబుళ్ళనే చేరవలసి ఉంటుంది.

సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు 2019 నుంచి కక్ష్యలో చేరుతున్నాయి. ఆ దూరానికి ప్రయాణకాలం సెకనులో కొన్ని వేల వంతులే. అయితే ఏ దేశంలోనైనా అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న సేవనే వాడుకోవాలి.

అంతవరకు ఎడారి క్యాబిన్ చేయగలిగిన పని ఒకటున్నది. లెక్కలను సైటు కంప్యూటరులోనే నమోదు చేసి, అర్ధరాత్రి దాటాక ఒకే మూటగా షెడ్డుకు పంపవచ్చు. మూట చేరుటకు అర సెకను ఆలస్యమైనా నిద్రపోయేవారికి తెలియదు. ఫోనులో మాట్లాడేవారు మాత్రం ఒక మాట చెప్పి, అవతలి మాట వచ్చేదాకా ఆగుతారు.