దాళ్వా చేలలో ఎలుకలకు పెట్టవలసిన ఎర

దాళ్వా నాట్లు ముగిసి చేను పిలకలు తొడుగు దినములలో ఎలుకలను గూర్చి తలంచువారు అరుదు. గట్టుపై నాలుగు బొరియలు కనబడినను "తరువాత చూతము" అందుము. చేని నడుమ దుబ్బులు కొరికి పడవేసిన పిమ్మట మందునకు పరుగెత్తుదుము. అప్పటికి కాలము మించిపోవును. ఎర యనునది ఎలుకకు ఆకలి యున్నప్పుడే పనిచేయును. చేను పొట్టకు వచ్చిన పిదప దానికి నలుదెసల విందే. మన నూకలను అది యేల ముట్టును? కావున నాటిన ఆరు వారములలోపలనే ఎర పెట్టవలెను.

వరిచేని ఎలుకకు వరినూకలే తగిన ఎర. వానికి కొంచెము వంటనూనె పట్టించినచో మందు గింజను అంటుకొనును. పురుగు పట్టిన నూకలు, ముక్కిన నూనె వాడి పొదుపు చేయబోవుట తెలివిగాదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింకు ఫాస్ఫైడు కలుపవలెను.

అయితే ఎలుక మహా అనుమానపు జంతువు. క్రొత్త తిండిని మొదట రుచి మాత్రమే చూచును. ఆ కొంచెముతో జబ్బుపడి బ్రదికెనా, మరల ఆ ఎరను ముట్టదు. అందుచేత ముందు రెండు దినములు మందులేని నూకలు పెట్టి మరపి, మూడవనాడు మందు ఎరను బొరియకు 10 గ్రాముల పొట్లముగా లోపల ఉంచవలెను. అన్ని బొరియలకును పెట్టనక్కరలేదు. సాయంకాలము బొరియలన్నియు మట్టితో మూసి, మరునాడుదయమున తెరచియున్న వానికే పెట్టుడు. 0.25 శాతపు బ్రోమోడయోలోన్ పొడిని అవే పాళ్లలో కలిపినచో ముందుగా మరపనక్కరలేదు; అది కొన్ని దినములకు గాని చంపదు గనుక ఎలుక ఎరను శంకింపదు.

ఒక్కరు పెట్టి ప్రక్కవారు మానినచో సొమ్ము దండుగ. ఆడ ఎలుక మూడు నాలుగు వారములకే ఈనును. ఖాళీయైన గట్టును పొరుగు చేని ఎలుకలు త్వరలోనే ఆక్రమించును. ఒక కాలువ క్రింది సభ్యులందరు ఒకేనాడు పూనుకొనవలెను. నూకలు, మందు సంఘము ద్వారా ఒక్కసారి తెప్పించుకొనుట సులువు.

మందును వట్టిచేతులతో కలుపరాదు. జింకు ఫాస్ఫైడునకు విరుగుడు లేదు. పిల్లలను, కోళ్లను దూరముగా నుంచుడు. చచ్చిన ఎలుకలను, మిగిలిన ఎరను లోతుగా పాతిపెట్టుడు.