మీకు తెలుసా? ఓఎల్‌ఈడీ టీవీకి ఆపాక కూడా పని ఉంటుంది

ఓఎల్‌ఈడీ తెరకు వెనక దీపం ఉండదు. 4కే ప్యానెల్‌లోని దాదాపు 83 లక్షల పిక్సెళ్లలో ప్రతిదీ పలుచని కర్బన పదార్థపు పొరలతో తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. చీకటి సన్నివేశంలో నలుపు నిజంగా నల్లగా కనిపించేది అందుకే. 1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ పరిశోధకులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ప్రచురించిన వ్యాసం దీనికి పునాది. 2007లో సోనీ జపాన్‌లో అమ్మకానికి పెట్టిన తొలి ఓఎల్‌ఈడీ టీవీ తెర 11 అంగుళాలే.

వెలిగేకొద్దీ ఈ పదార్థం అరుగుతుంది, నీలిరంగుది మరీ త్వరగా. రోజంతా వార్తల చానెల్ నడిచే ఇంట్లో మూలనున్న లోగో, కింది స్క్రోలింగ్ పట్టీ ఉన్నచోట పిక్సెళ్లు ఎక్కువగా అరిగి, సినిమా పెట్టినా ఆ జాడ కనిపించవచ్చు. దీన్నే బర్న్-ఇన్ అంటారు. కొన్ని నిమిషాల్లో మాసిపోయే నీడ వేరు. దానికి కంగారు అక్కర్లేదు.

విరుగుడు టీవీలోనే ఉంది. చాలా మోడళ్లు మొత్తం 4 గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు స్టాండ్‌బైలో కొన్ని నిమిషాలపాటు పిక్సెళ్ల తేడాలను కొలిచి సరిచేసుకుంటాయి. పడుకోబోయే ముందు గోడ స్విచ్ కట్టేయడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు, మంచిదే కూడా. అయితే టీవీ ఆపిన వెంటనే కట్టేస్తే ఈ సవరణ జరగదు, కాసేపాగి కట్టాలి.

మంచు కొండలు తెరంతా తెల్లగా పరుచుకున్నప్పుడు వెలుగు కాస్త తగ్గడం మాత్రం లోపం కాదు. కరెంటునూ వేడినీ అదుపులో ఉంచే ఏర్పాటది.