లైసెన్సా, సొంత తయారీయా: ఆసు యంత్రం కథ

కువైట్‌లోని రిగ్గై, ఖైతాన్, ఫర్వానియాల్లో ఉండే మన తెలుగువాళ్లలో ఏసీ మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు ఉన్నారు. కొత్త ఉపాయాలు పనిచేసే చేతులకే తడతాయి. ఉపాయం యంత్రంగా మారాక పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. దాన్ని కంపెనీకి లైసెన్సుకిచ్చి రాయల్టీ తీసుకోవాలా, మనమే తయారుచేసి అమ్మాలా? జవాబు వెతికేవాళ్లు ఆలేరు దగ్గర శారాజీపేటలో మొదలైన ఈ కథ తెలుసుకోవాలి.

పోచంపల్లి తరహా పట్టుచీర మగ్గమెక్కే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీద వరసగా మేకులుంటాయి. ఎదుటి మేకు నుంచి పేక దారాన్ని లాగి ఒక్కో మేకుకూ చుట్టి వెనక్కి తేవాలి. ఆ దారానికే తర్వాత కట్లు కట్టి రంగులు వేస్తారు. లెక్క ఒక్కచోట తప్పితే చీర మీద బొమ్మ చెదిరిపోతుంది. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. చేనేత ఇళ్లలో ఈ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్లదే. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే లక్ష్మి గారికి భుజం, మోచెయ్యి లేవనంత నొప్పి. ఆరో తరగతితో బడి మానేసిన ఆమె కొడుకు చింతకింది మల్లేశం 1992లో యంత్రం చేయడానికి పూనుకున్నారు.

దారాన్ని ముందుకీ వెనక్కీ నడిపించడం కుదిరింది. మేకు చుట్టూ తిప్పి పక్క మేకుకు జరపడం దగ్గర ఆగిపోయింది. అదీ దారం తెగకుండా, బిగువు సడలకుండా జరగాలి. డబ్బులు అయిపోయాయి, ఊళ్లో నవ్వారు. హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేస్తూ, వచ్చిన కూలి నుంచే భాగాలు చేయించుకున్నారు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినచోట, ఒక యంత్రం కదలికలో తాను వెతుకుతున్నది కనిపించింది. చీర ఆసు గంటన్నరకు దిగింది. అమ్మ పేరు మీద అది లక్ష్మీ ఆసు యంత్రమైంది.

లైసెన్సు దారి చెడ్డదేమీ కాదు. జెరాక్స్ పద్ధతి కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ 1942లో పేటెంటు పొందినా, కంపెనీల గుమ్మాలు తిరిగితే ఎవరూ పట్టించుకోలేదు. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ చేయూతనిచ్చింది, తర్వాత హాలాయిడ్ అనే చిన్న కంపెనీ హక్కులు తీసుకుంది. ఆఫీసుల్లోకి దూసుకెళ్లిన 914 మోడల్ జెరాక్స్ యంత్రం 1959లో గానీ రాలేదు. అంత రసాయన పరిశోధన, అంత పెట్టుబడి ఒంటరి మనిషి వల్ల అయ్యేది కాదు.

ఆసు యంత్రం సంగతి వేరు. కొనేది చేనేత కుటుంబాలు. అమ్ముడయ్యేది లక్షల్లో కాదు, వందల్లో. పెద్ద కంపెనీని ఊరించే లాభం ఇందులో లేదు. కొన్న ఇంట్లో యంత్రం ఆగితే ఆ పూట పని పోతుంది కాబట్టి, బాగుచేసేవాడు దగ్గర్లో ఉండాలి. ఆసు ఏమిటో తెలిసిన మనిషే దాన్ని మెరుగుపరచగలడు. మల్లేశం తానే తయారుచేసి అమ్మారు, తర్వాత ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. సామాన్యుల ఆవిష్కరణలకు తోడ్పడే పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సంస్థలు అండగా నిలిచాయి, పేటెంటూ వచ్చింది. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. సొంత తయారీయే ఆ యంత్రానికి తగిన దారి అని నా గట్టి నమ్మకం.

మీ చేతిలో అలాంటి ఉపాయం ఉంటే ముందుగా మీ ఉద్యోగ ఒప్పందం చదవండి. పనివేళల్లో చేసిన ఆవిష్కరణ ఎవరిదవుతుందో అందులో రాసి ఉండొచ్చు. ఎవరికైనా చూపించే ముందే, వీడియో పెట్టే ముందే, భారత పేటెంటు కార్యాలయంలో తాత్కాలిక (ప్రొవిజనల్) దరఖాస్తు వేయండి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. లైసెన్సా, సొంత తయారీయా అన్నది ఆ ఏడాదిలో, కొనేవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి తేల్చుకోండి.