గాలి గంటలు

గాలి కంటికి కనిపించదు. ఆకు కదిలితే గాలి వీచిందని తెలుసుకుంటాం. గంట మోగినా తెలుసుకోవచ్చు. కోరాపుట్ కొండవాలున మేసే పశువుల మెడలో గంటలు మోగుతుంటే, మంద ఎటు పోయిందో కాపరి చూడకుండానే చెప్పగలడు. జపాను దేశంవారు అటువంటి చిన్న గంటను గాలికే కట్టారు. దాని పేరు 'ఫూరిన్'. 'ఫూ' అంటే గాలి, 'రిన్' అంటే గంట.

పూర్వం బౌద్ధంతోపాటు ఈ ఆచారం చైనా నుండి జపాను చేరింది. మొదట ఆలయాల చూరు మూలలకు గంటలు వేలాడదీసేవారు. వాటి నాదం కీడును తొలగిస్తుందని నమ్మేవారు. కాలక్రమాన గంట చిన్నదై ఇంటి చూరు కిందికి వచ్చింది. ఇప్పుడది వేసవికి గుర్తు. ఉక్కపోతలో గంట మోగిందంటే గాలి వీచిందన్నమాట. ఆ సవ్వడి వింటేనే చల్లబడినట్లు ఉంటుందని అక్కడివారు అంటారు.

ఈ గంటకు మూడు భాగాలు. బోర్లించిన గిన్నె వంటి గంట, దాని లోపల నాలుక, నాలుకకు దారంతో కట్టిన కాగితపు పట్టీ. నాలుక చిన్నది కనుక దానికి గాలి అంతగా తగలదు. వెడల్పైన పట్టీ గాలికి ఊగి నాలుకను కదిలిస్తుంది. నాలుక తగలగానే గంట అంచు కంపిస్తుంది. ఆ కంపనాలే మనకు నాదంగా వినిపిస్తాయి. మోగుతున్న గంటను చేతితో పట్టుకోండి. కంపనం ఆగి, నాదమూ ఆగిపోతుంది.

గాజు గంటలు కూడా ఉన్నా, ఇనుప గంటలకు ఇవాతే ప్రాంతం పేరు పొందింది. అక్కడ కరిగిన ఇనుమును మూసలలో పోసి వీటిని తయారుచేస్తారు. లక్ష్మీపూర్ రోడ్ స్టేషనులో మనం రైలు కోసం ఎదురుచూసినట్లే, ఇవాతేలోని మిజుసావా స్టేషనులోనూ ప్రయాణికులు ఎదురుచూస్తారు. వేసవిలో వారి తలలపై ఈ గంటలు మోగుతుంటాయి. 1996లో జపాను ప్రభుత్వం కాపాడుకోదగిన 100 ధ్వనులను ఎంపిక చేసినప్పుడు, ఈ స్టేషను గంటల సవ్వడికి అందులో చోటు దక్కింది.

హిమేజీ నగరంలోని మ్యోచిన్ వంశంవారి కథ మరొకటి. వారు తరతరాలుగా యోధులకు ఇనుప కవచాలు చేసినవారు. యోధుల కాలం ముగిసింది. కవచాలు అడిగేవారు లేకపోయారు. వారు కుంపటిలో నిప్పులు సర్దే ఇనుప పుల్లలు చేయసాగారు. తరువాత గ్యాసు, విద్యుత్తు వచ్చి కుంపట్లూ మూలపడ్డాయి. అయినా వారు సుత్తి దించలేదు. ఆ పుల్లలు ఒకదానికొకటి తగిలితే వచ్చే తీయని నాదాన్ని గుర్తించి, 1965లో నాలుగు పుల్లలు వేలాడే గాలి గంటను రూపొందించారు. పనిముట్టు మారింది, పనితనం నిలిచింది.

మన చెంత కూడా అటువంటి పనివారున్నారు. ఒడిశాలో ఢోక్రా పనివారు, తెలంగాణలోని ఆదిలాబాదు ప్రాంతంలో ఓజాలు గంటలు పోతపోస్తారు. మట్టి ముద్దపై మైనపు తీగలతో రూపం దిద్ది, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోట కరిగిన ఇత్తడిని పోస్తారు. చల్లారాక మట్టిని పగులగొట్టి వస్తువును బయటికి తీస్తారు. అందువల్ల ఒక మూసలో ఒక్క వస్తువే వస్తుంది. ఏ రెండు గంటలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

గుర్తింపు పత్రం ఒక్కటే కళను బ్రతికించలేదు. కొనేవారుండాలి, నేర్చుకునేవారుండాలి. ఈసారి సంతలో గంట కనబడితే ఒక్కసారి మోగించి వినండి. దానిని చేసిన చేతులెవరివో అడిగి తెలుసుకోండి.