పాత జీపు: ఒక్క పార్ట్ మారిస్తే ఎన్ని మారతాయి?

యూట్యూబ్‌లో పాత జీపుల వీడియోలు చూశారా? అన్నిటికీ ఒకటే స్క్రిప్ట్. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన కమాన్లు, ముందు ఇనుప బంపర్, పైన లైట్ల వరస. పదిహేను నిమిషాల్లో బండి "రెడీ" అయిపోతుంది. టైరు పెద్దది వేశాక బ్రేకుకి ఏమైంది, స్టీరింగ్‌కి ఏమైంది, ఆర్‌సీకి ఏమైంది అన్నది మాత్రం వీడియోలో ఉండదు. ఈ వ్యాసం దాని గురించే.

నర్సీపట్నంలో మా చిన్న మావయ్యకి 1996లో రిజిస్టర్ అయిన మహీంద్రా ఎంఎం 540 ఉంది. జీడితోటకి వెళ్లాలంటే దారిలో ఒక గెడ్డ దాటాలి. వానాకాలంలో ఆ దారిలో కార్లు, ఆటోలు రావు. అవతల ఊళ్లో ఎవరికి పురిటి నొప్పులు వచ్చినా, ఎవరినైనా పాము కరిచినా ముందు మావయ్యకే ఫోన్ వస్తుంది. ఈ ఏడాది బండికి చేతిలో ఉన్న బడ్జెట్ నలభై వేలు. మా బావకేమో 31 అంగుళాల టైర్లు, లిఫ్ట్ కిట్ కావాలి. మావయ్యకి నచ్చలేదు గానీ ఎందుకు వద్దో చెప్పలేకపోయాడు. "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా కోడలా, లెక్క నువ్వే తేల్చు" అన్నాడు. నాది సీఎస్‌ఈ అన్నా వినలేదు.

లెక్క తేల్చాక అర్థమైంది ఏంటంటే, ఇది మన సబ్జెక్టే. ఒక ఫంక్షన్ మారిస్తే దాన్ని పిలిచే ఫంక్షన్లన్నీ చెక్ చేసుకోవాలి కదా, జీపు కూడా అంతే.

బండి గురించి రెండు ముక్కలు

మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఎంఎం 540 ఆ వంశంలోదే. కింద గట్టి ఛాసిస్, నాలుగు మూలలా కమాన్ కట్టలు, డీజిల్ ఇంజన్, అవసరమైనప్పుడు లివర్ లాగితే నాలుగు చక్రాలకీ పవర్. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. ఏది పాడైనా కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, చేతికి తగులుతుంది. ఇంట్లో పని చేసుకోడానికి వీలైంది అందుకే.

పెద్ద టైరు లెక్క

మా జీపు టైరు వ్యాసం దాదాపు 28 అంగుళాలు. దాని బదులు 31 వేస్తే చక్రం ఒక్క చుట్టుకి దాదాపు 11 శాతం ఎక్కువ దూరం పోతుంది. పాత జీపులో స్పీడోమీటర్ చుట్లనే లెక్కపెడుతుంది, టైరు మారిందని దానికి తెలీదు. మీటర్ 60 చూపిస్తుంటే బండి నిజంగా 66 మీద ఉంటుంది.

అంతకంటే పెద్ద సంగతి టార్క్. ఇంజన్ ఇచ్చే తిప్పుడు బలం అంతే, కానీ వ్యాసార్ధం పెరిగింది కాబట్టి నేల మీద పడే తోపు దాదాపు 10 శాతం తగ్గుతుంది. ఘాట్‌లో ఫస్ట్ గేర్‌లో ఎక్కాల్సిన బండి ఆయాసపడుతుంది, క్లచ్ ప్లేటు తొందరగా అరుగుతుంది. బ్రేకుకీ ఇదే సూత్రం. మా బండికి నాలుగూ డ్రమ్ బ్రేకులే. డ్రమ్ అదే, లైనర్ అదే, పెడల్ మీద కాలు అదే. కానీ నేల దగ్గర ఆపే బలం అదే 10 శాతం తగ్గుతుంది. పైగా బరువైన టైరుని ఆపడం ఇంకా కష్టం. అంటే పెద్ద టైరు వేయడం అంటే ఎవరికీ చెప్పకుండా బ్రేకుని కొంచెం తీసేయడమే.

మరి పెద్ద టైరు వల్ల లాభమే లేదా? ఉంది. డిఫరెన్షియల్ గుండు నేలకి ఒకటిన్నర అంగుళం ఎత్తులోకి వస్తుంది, రాళ్ల దారిలో అది పనికొస్తుంది. కానీ మా దారిలో బండి రాయికి తగిలి ఆగిపోయిన సందర్భం మావయ్యకి ఒక్కటీ గుర్తులేదు.

లిఫ్ట్ లెక్క

లిఫ్ట్ అంటే కమాన్లు మార్చి బాడీని పైకి లేపడం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 120 సెంటీమీటర్లు, బండి గరిమనాభి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. పక్కవాలులో బండి దొర్లే కోణం దాదాపు 43 డిగ్రీలు. గరిమనాభిని 75కి లేపితే ఆ కోణం 39కి పడిపోతుంది. కాగితం మీద నాలుగు డిగ్రీలే. నిజం బండిలో కమాన్లు వంగుతాయి, వెనక ఎనిమిది మంది ఓ పక్కకి ఒరుగుతారు, కాబట్టి అసలు కోణం ఇంకా తక్కువ.

రెండోది ప్రొపెల్లర్ షాఫ్ట్. దానికి రెండు చివర్లా క్రాస్ జాయింట్లు ఉంటాయి. జాయింట్ వంగి తిరిగినప్పుడు అవతలి వైపు వేగం ఒకేలా ఉండదు, ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 20 డిగ్రీల వంపుకి ఆ తేడా అటు ఇటు 6 శాతం దాకా ఉంటుంది. రెండు చివర్లా వంపు సమానంగా ఉంటే ఒకదాని తేడాని ఇంకోటి కొట్టేస్తుంది. లిఫ్ట్ చేసి కోణాలు సరిచూడకపోతే ఆ సమానత్వం పోతుంది. బండి వణుకుతుంది, క్రాసులు విరుగుతాయి. దీనికి తోడు బ్రేకు రబ్బరు గొట్టాల పొడవు చాలకపోవచ్చు, స్టీరింగ్ రాడ్ కోణం మారి గుంటలో పడ్డప్పుడల్లా బండి పక్కకి లాగొచ్చు.

చట్టం లెక్క

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సొంత బండి ఆర్‌సీ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున రెన్యువల్. మా జీపుకి 2011, 2016, 2021లో అయింది, మళ్లీ 2026లో వస్తుంది. అప్పుడు ఫిట్‌నెస్ ఆగిందంటే బండి షెడ్‌లోనే. గెడ్డ అవతలి ఊరికి ఫోన్ ఎత్తేవాడు ఉంటాడు గానీ వెళ్లే బండి ఉండదు.

మరి నలభై వేలు దేనికి?

ముందు బ్రేకు. బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్, గాలిలో తేమని అది పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు అది మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అందుకే రెండేళ్లకోసారి పాతది తీసేసి కొత్తది పోయాలి. ఎయిర్ తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు నట్టు విప్పి బిగించాలి. ఆయిల్ తగ్గింది కదా అని ఇంజన్ ఆయిల్ మాత్రం పోయకండి, లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి.

తర్వాత స్టీరింగ్. ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే ఇంకొకరు ముందు కూర్చుని టైరాడ్ ఎండ్స్ చూడాలి. రాడ్ కదిలి చక్రం కదలకపోతే ఆ జాయింట్ అయిపోయినట్టే.

మూడోది గ్రీజు. కమాన్ షాకిల్స్, క్రాసులు, స్టీరింగ్ జాయింట్లు, వీటన్నిటికీ నిపుల్స్ ఉంటాయి. గ్రీజు గన్‌తో పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. గెడ్డ దాటే బండికి నెలకోసారి చేసినా ఎక్కువ కాదు.

గెడ్డ అన్నాను కాబట్టి ఇంకోటి. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల సందుల్లోంచి నీళ్లని పీలుస్తుంది. డిఫరెన్షియల్ ఆయిల్ పాల చాయ్ రంగులోకి వచ్చిందంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి. దీనికి మంచి మార్పు ఒకటుంది. యాక్సిల్ మీదున్న బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి బానెట్ దాకా తీసుకెళ్లడం. ఖర్చు కొన్ని వందలే. అలాగే నీళ్లలోంచి బయటికొచ్చాక కాసేపు బ్రేకు మెల్లగా నొక్కుతూ పోవాలి, లైనర్లు ఆరతాయి.

ఇంకో మంచి మార్పు హెడ్‌లైట్ రిలే. 60 వాట్ల బల్బులు రెండంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. పాత వైరు, పాత స్విచ్ కలిసి 0.2 ఓం అడ్డుపడినా దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి, వెలుతురు దాదాపు సగమైపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కొత్త వైరు లాగి రిలే పెడితే అవే బల్బులు మళ్లీ వెలుగుతాయి. పైన లైట్ల వరస అక్కర్లేదు.

ఫోర్ బై ఫోర్ గురించి కూడా ఒక మాట. ఈ జీపులో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద సర్దుకోదు, బరువంతా గేర్ల మీద పడుతుంది. కాబట్టి బురద దాటగానే లివర్ వెనక్కి తీయాలి.

ఏ పని చేసినా ఒక్క జాక్ మీద నమ్మకం పెట్టుకుని బండి కిందకి దూరకండి. జాక్ స్టాండ్లు పెట్టాలి, నేల మీదున్న చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాలి.

మా బావకి ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. టైర్ల దగ్గర ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. బ్రేకు పని మాత్రం పూర్తయింది, బ్రీదర్ గొట్టం తనే బిగించాడు. మీ ఇంట్లో కూడా పాత బండి ఉంటే, కొత్తది ఏదైనా తగిలించే ముందు ఒక కాగితం తీసుకుని ఆ పార్ట్ ఇంకా వేటివేటిని తాకుతుందో రాయండి. లిస్టు నాలుగు లైన్లు దాటితే ముందు ఆ నాలుగింటి సంగతి చూడండి.