చలిలో కిటికీ ఎందుకు తెరుస్తారు?

బయట మంచు. మైనస్ 15 డిగ్రీల చలి. ఒక గదంత బండిలో నలుగురు పడుకోబోతున్నారు. దీపం ఆర్పే ముందు వాళ్లు చేసే ఆఖరి పని ఏమిటో తెలుసా? కిటికీని ఒక వేలు మందాన తెరిచి ఉంచడం!

"ఇదేం తెలివి? చలి లోపలికి రాదా?" అనిపిస్తుంది కదూ. మొదట చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ వేలెడు సందు వెనక రెండు సంగతులున్నాయి. ఒకటి సుఖానికి సంబంధించింది, రెండోది ప్రాణానికి.

ముందు ఆ బండి సంగతి. అమెరికా, కెనడాల్లో కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు ఉంటుంది. ట్రావెల్ ట్రైలర్ అంటారు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానవనంలో టన్నెల్ మౌంటెన్ అనే చోట చలికాలంలో కూడా ఇలాంటి బండ్లు ఆపుకుని ఉండొచ్చు. అక్కడ జనవరి రాత్రుళ్లు మైనస్ 10 కంటే కిందికి దిగడం మామూలే.

మన ఇంటి గోడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. ఆ బండి గోడ చాలావాటిలో రెండంగుళాలే. పైగా చక్రాల మీద నిలబడి ఉంటుంది కాబట్టి కింద నుంచి కూడా గాలి కొడుతుంది. అందుకే హీటరు వెలిగించడం కంటే ముందు, వేడి ఎటునుంచి పారిపోతోందో చూసుకుంటారు. కిటికీ అద్దాలకు రేకుపూత ఉన్న మందపాటి షీట్లు అడ్డం పెడతారు. బండి చుట్టూ కిందిభాగానికి పరదా కట్టినట్టు గుడ్డ కట్టి గాలి ఆపుతారు.

పక్క వేసుకోవడంలోనూ ఒక కిటుకుంది. కదలని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. దుప్పట్ల పొరల మధ్య చిక్కుకున్న గాలే మనల్ని వెచ్చగా ఉంచేది. మనం పడుకోగానే ఒంటి కింద ఉన్నది అణిగిపోయి అందులో గాలి పోతుంది. అందుకే పైన ఎన్ని కప్పుకున్నా వీపుకి చలి వేస్తుంది. పైన ఒకటి తగ్గినా పరవాలేదు, కింద ఒకటి ఎక్కువ వేసుకోవాలి.

నిద్రపోయే మనిషి ఒంటి నుంచి సుమారు 70, 80 వాట్ల వేడి వస్తుంది. అంటే నలుగురూ కలిసి దాదాపు 300 వాట్ల హీటరుతో సమానం. దుప్పట్లు ఆ వేడిని పుట్టించవు, దాచిపెడతాయి, అంతే.

ఇప్పుడు కిటికీ దగ్గరికొద్దాం. మొదటి సంగతి తేమ. ఒక్కో మనిషి రాత్రంతా ఊపిరితోనూ, ఒంటి నుంచీ దాదాపు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. నలుగురికీ కలిపితే లీటరు! ఇక లోపల గ్యాస్ పొయ్యి వెలిగిస్తే చెప్పక్కర్లేదు. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. ఇదంతా చల్లటి గోడలకు తగిలి చుక్కలై కారి, పరుపుల్నీ దుప్పట్లనీ తడుపుతుంది. తడిసిన దుప్పటిలో గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. ఇంకేం వెచ్చదనం? గడ్డకట్టే చలిలో బయటి గాలిలో తేమ చాలా తక్కువ. దాన్ని కాస్త రానిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. కొంచెం వేడి పోయినా, పొడిగా ఉండటమే లాభం.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. చాలినంత గాలి అందకుండా మండే ఏ మంట నుంచైనా ఇది వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారంతో మొదలవుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ గుర్తులు కూడా తెలియవు. అందుకే ఆ బండ్లకి బిగించే హీటరు బయటి గాలితోనే మండి, పొగని బయటికే వదులుతుంది. గదిలోకి వేడి మాత్రమే వస్తుంది. వంట పొయ్యినీ బొగ్గుల్నీ గది వేడి కోసం వాడకూడదన్నది మొదటి నియమం. ఈ వాయువుని పసిగట్టి మోగే అలారం, తెరిచిన కిటికీ ఆ తర్వాతి కాపలాలు. కిటికీ తెరిచాం కదా అని బొగ్గులు పెట్టుకోవడం తప్పు.

"ఆ బండ్లతో మనకేం పని?" అనొచ్చు మీరు. మన బరంపురంలో చలి ఒక దుప్పటితో పోయేదే. కానీ దారింగ్‌బాడి కొండ మీద డిసెంబరు రాత్రి గడిపితే తెలుస్తుంది. "చలిగా ఉందమ్మా" అనగానే ఎవరో ఒకరు నిప్పుల కుంపటి తెచ్చి గదిలో పెడతామంటారు. అంతదూరం ఎందుకు, మన ఇళ్లలో బాలింత గది లేదూ? తలుపులు బిగించి, మంచం పక్కన కుంపటి పెట్టి, తల్లినీ బిడ్డనీ వెచ్చగా ఉంచాలనుకుంటారు. మామ్మల ఉద్దేశం ప్రేమే. కానీ "పొగ రావట్లేదు కదా, నిప్పులే కదా" అన్న ధైర్యం దగ్గరే ప్రమాదం ఉంది. పొగ లేని ఎర్రటి నిప్పులే ఈ విషవాయువుని ఎక్కువగా వదులుతాయి.

కుంపటి లేకుండా వెచ్చదనం కావాలంటే దారులున్నాయి. పెద్దవాళ్లకి బట్ట చుట్టిన వేడినీళ్ల సంచి, పొడి మేజోళ్లు, కింద ఇంకో దుప్పటి. పసిబిడ్డకైతే టోపీ పెట్టి, తల్లి గుండెలకి ఆనించడాన్ని మించింది లేదు. ఎప్పుడైనా మూసిన గదిలో మంట ఉండి, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పో వికారమో వస్తే "చలికి" అనుకోకండి. వెంటనే అందరూ బయటికొచ్చేసి, ఆసుపత్రికి వెళ్లండి.

ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు బాలింత గదిలో కుంపటి కనిపిస్తే, మామ్మతో గొడవ పడకుండా దాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి పెట్టండి. ఆ తర్వాత పక్కన కూర్చుని, ఎందుకో నెమ్మదిగా చెప్పండి.